చుక్కల మధ్య ఇనుపకొండ

అనగనగా ఒక అడవి. అక్కడ పని తక్కువ, కబుర్లు ఎక్కువ. మన వీధిలాంటిదే అనుకోండి పిల్లలూ.

ఏటా ఎండలు ముదరగానే అక్కడి వాగు ఎండిపోయేది. అప్పుడు ఎలుగుబంటి, అడవిపంది, ఏదుపంది కలిసి వాగు ఇసుకలో చెలమ తవ్వేవి. ఆ గుంటలో ఊరిన నీళ్లే వానలదాకా అందరికీ దిక్కు. దుప్పి గిట్టలు లోతుగా తవ్వలేవు. పైగా ఆ ఏడు దానికి చంటిపిల్ల.

సరిగ్గా అప్పుడే కొంగ పట్నం నుంచి దిగింది. కాలేజీ పక్క చెరువులో కొన్నాళ్లు చేపలు తిన్నదట. చదువంతా అలాగే వంటబట్టిందట.

"అంగారకుడికీ గురుడికీ నడుమ ఒక కొండ తిరుగుతోంది. నిండా ఇనుమూ నికెలే. మనుషులు దాని దగ్గరికి రాకెట్ పంపుతున్నారని పంతుళ్లు అనుకుంటుంటే విన్నాను. ఇక ఇనుముకి కరువుండదు" అంది.

"అయితే నాకు ఇనుప గోళ్లు" అంది ఎలుగుబంటి.

"నా కోరలకి తొడుగులు" అంది పంది.

ఏదుపంది ముళ్లకి ఇనుప మొనలు కావాలంది. ఉన్న ముళ్లకే దాని పక్కన ఎవరూ కూర్చోరు.

దుప్పి వచ్చింది. "ఎలుగు మామా, చెలమ ఎప్పుడు తవ్వుతారు? పిల్లకి నాలుక పిడచ కట్టుకుపోతోంది."

"తొందరెందుకే అమ్మాయ్? ఇనుప గోళ్లొస్తే ఒక్క పూట పని. ఈలోపు ఉన్నవి అరగదీసుకోమంటావా?"

దుప్పి పంది దగ్గరికి వెళ్లింది. "అన్నా, నువ్వైనా మొదలుపెట్టు."

"నేనొక్కణ్ణే తవ్వితే కొండలో నాకు పెద్ద వాటా ఇప్పిస్తావా చెల్లెమ్మా?"

ఏదుపంది అసలు వినలేదు. కొండకి ముందువైపు ఎవరిదో, వెనకవైపు ఎవరిదో తేలుస్తోంది. వెనకవైపు ఎవరికీ వద్దట.

చివరికి దుప్పి తానే ఇసుక గీకింది. గిట్టలు చీలి నెత్తురొచ్చింది, నీళ్లు రాలేదు. తెల్లారి పిల్ల లేవలేదు.

అందరూ పరామర్శకి వచ్చారు. అలాంటివాటికి మాత్రం ఎవరూ ఆలస్యం చెయ్యరు.

"ఏడవకమ్మా, కొండలో నీ పిల్ల పేరున కూడా ఒక వాటా తీసి ఉంచాం" అంది ఎలుగుబంటి.

"దాన్ని పూడ్చడానికి గుంటైనా తవ్వండి మామా" అంది దుప్పి.

కాదనలేక ముగ్గురూ పిల్ల పడున్న చోటే తవ్వారు, ఉన్న గోళ్లతోనే. వాగు ఇసుక కదా, నడుం లోతుకి వెళ్లేసరికి గుంటలో నీళ్లు ఊరాయి.

పంది తాగబోయి, దుప్పి మొహం చూసి ఆగింది. కాసేపే.

నీతి: రాబోయే ఇనుప గోళ్లని నమ్మి ఉన్న గోళ్లు దాచుకుంటే, ప్రాణం నిలపాల్సిన గుంట పాతిపెట్టడానికి తవ్వాల్సి వస్తుంది.