ఐదో ఫారం

గవర్రాజు రాసిన మొదటి నవలకు నలభై మూడు ఉత్తరాలు వచ్చాయి. బాగుందన్నవి పదమూడు. బాగాలేదన్నవి ఇరవై రెండు. మిగతా ఎనిమిదీ ఎటు లెక్కెయ్యాలో అతనికి తెలియలేదు.

ఆ ఎనిమిదిలో ఒకటి ఇలా ఉంది: "పదేళ్లుగా నాకు నిద్ర పట్టేది కాదు. మీ నవల చదువుతూ హాయిగా పడుకున్నాను. కృతజ్ఞుణ్ణి."

నవలలో జరిగేది తక్కువే. వంతెన వచ్చాక పడవ ఆగిపోయిన రేవులో ఒక ముసలామె రోజూ వచ్చి కూర్చుంటుంది. ఒక మధ్యాహ్నమంతా చెట్టు నీడ ఆమె పాదాల నుంచి మోకాళ్ల దాకా జరుగుతుంది. అది పదహారు పేజీలు. చదివినవాళ్ల కోపమంతా వాటిమీదే.

"ఎనభయ్యో పేజీ దాకా చూశాను, పడవ రాలేదు. ఇక లాభం లేదని వంతెన మీంచి నడిచి వెళ్లిపోయాను" అని ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు రాశాడు. ఆ నీడ దేనికి గుర్తో కార్డు ముక్క రాయమన్నారు ఇంకొకరు.

ఆ ముసలామె గవర్రాజు నాయనమ్మే. ఆ సంగతి అతను ఎవరికీ రాయలేదు.

పదహారు పేజీల మడతను అచ్చువాళ్లు ఫారం అంటారు. రెండో ముద్రణలో ఆ నీడ పేజీలున్న ఐదో ఫారం మొత్తం తీసేద్దామని నిశ్చయించుకుని, కొట్టివేతలున్న ప్రతిని సంచిలో పెట్టుకుని ప్రెస్సుకు బయల్దేరాడు. దారిలో లతీఫ్ సాహెబ్ బైండింగ్ కొట్టు కనిపించి ఆగాడు. చిన్నప్పుడు కుట్టుపని నేర్చుకున్నదీ, కుట్టాల్సిన పుస్తకాలు చదువుతూ తిట్లు తిన్నదీ అక్కడే.

పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆ రోజుల్లో అవతలి ఒడ్డు నుంచి పడవ వచ్చినట్టు రేవులో గంట కొడితే, "పోరా, మీ నాయనమ్మ దిగుతుంది" అని పని మధ్యలోనే పంపేసేవాడు లతీఫ్ సాహెబ్.

"ఉస్తాద్, ఒక సలహా కావాలి."

"కూర్చుని చెప్పు."

గవర్రాజు లెక్కంతా చెప్పాడు. "ఇరవై రెండు, ఉస్తాద్. సగానికి పైనే."

"నువ్వు అప్పుడూ అంతే. ఎన్ని కుట్టావురా అంటే నీళ్లు నమిలేవాడివి. ఎన్ని చదివావంటే టకటకా చెప్పేవాడివి." లతీఫ్ సాహెబ్ పక్కనున్న కట్టలోంచి ఒక పుస్తకం లాగి అతని ఒళ్లో పడేశాడు. "లైబ్రరీ నుంచి రిపేరుకొచ్చింది. ముందు ఇది విప్పి కుట్టు."

అట్ట సగం ఊడిపోయింది. తిప్పి చూస్తే తన పేరే.

గవర్రాజు పాత పీట ముందుకు లాక్కున్నాడు. సూదులు ఇంకా అప్పటి అగ్గిపెట్టెలోనే ఉన్నాయి. అట్ట తీసి, అలవాటు కొద్దీ ఫారాలు లెక్కపెట్టాడు. పదిహేడు. మొదటి నాలుగూ బిగువుగా ఉన్నాయి. ఆరోది మొదలు చివరిదాకా కొత్తవాటిలాగే ఉన్నాయి. ఐదోది ఒక్క దారప్పోగు మీద వేలాడుతోంది. దాని అంచులు చేతుల మురికికి నల్లబడ్డాయి.

డెబ్బై మూడో పేజీ పక్కన ఎవరో పెన్సిలుతో రాశారు: "ఇక్కడ ఏమీ జరగదు."

దాని కింద వేరే చేతిరాత: "అవును. ఇది నాలుగోసారి చదవడం."

గవర్రాజు పేజీ తిప్పాడు. ఇంకొకటి తిప్పాడు.

"మళ్లీ చదువుతున్నావా?" అన్నాడు లతీఫ్ సాహెబ్, తలెత్తకుండానే.

గవర్రాజు దారానికి మైనం రాసి సూదిలోకి ఎక్కించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోదాన్ని సర్ది దాని చోట పెట్టాడు.

"దానికి దారం రెండు పేటలు వెయ్యి," అన్నాడు ఉస్తాద్. "మళ్లీ తెగుతుంది."