తెర మళ్ళీ లేచిన రోజు

"జనం అడిగారు, ఇచ్చాను. అందులో తప్పేముంది మాస్టారూ?" అని భార్గవ అడిగాడు.

కోటిలింగం మాస్టారు తెనాలిలో ఒక సైకిల్ షాపు మేడ మీద, ఎనభై కుర్చీల హాల్లో మాకు నాటకం నేర్పేవారు. కోపం వస్తే ఆయన తిట్టరు. లేచి చెప్పులు వేసుకుంటారు. ఆ ఉదయం భార్గవ ప్రశ్న విని చెప్పులు వేసుకున్నారు.

ముందురోజు సాయంత్రం జరిగిన సంగతి ఇది. మత్తు సూదులకు బానిసై చచ్చిపోయే కుర్రాడి నాటకం వేశాం. ఆ వేషం కోసం భార్గవ సామ్రాజ్యమ్మగారి ఇంటికి పది రోజులు తిరిగాడు. ఆవిడ జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ బతికే మనిషి. కొడుకు సుధీర్ ఆ మత్తు సూదులతోనే పోయి ఏడాది కూడా కాలేదు. వాడెలా వణికాడో, గోడకు తలెలా కొట్టుకున్నాడో, గడియపెట్టిన గదిలోంచి "ఈ ఒక్కసారికీ తలుపు తియ్యమ్మా" అని ఎలా బతిమాలాడో అంతా ఆవిడ చేసి చూపించింది. "ఇంకో తల్లి ఇట్టా ఏడవకుండా ఉంటే చాలు బాబూ" అంది. ఆవిడ మమ్మల్ని కోరింది అదొక్కటే.

భార్గవ గొప్పగా చేశాడు, కాదనను. చివరి రంగంలో వాడు వణుకుతుంటే హాల్లో ఎవరూ కదల్లేదు. పడిపోయాడు. తెర దించాను, ఆ తాడు నా చేతిలోనే ఉంది. వెనక వరసల్లోంచి ఎవడో "వన్స్‌మోర్" అన్నాడు. ఇక హాలంతా అదే కేక, ఈలలు. మా వైపు పద్యం బాగుంటే చచ్చిన పాత్ర కూడా లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తుంది. ఆ పాడలవాటు మా ఒంట్లో ఇంకిపోయింది. నేను తెర లేపాను. భార్గవ లేచి నిలబడి, నవ్వుతూ దణ్ణం పెట్టి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకాస్త ఎక్కువే వణికాడు. ముందు వరసలోంచి సామ్రాజ్యమ్మగారు లేచి వెళ్ళిపోవడం నేను చూశాను. చూసి కూడా, తెర దించాక చప్పట్లు కొట్టాను. ఇప్పుడిది రాస్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

చెప్పులు వేసుకున్న మాస్టారు మా ఇద్దర్నీ ఆవిడ ఇంటికి నడిపించారు. గుమ్మం ముందు ఆగి, "వెళ్ళి ఆవిణ్ణి అడుగు. కొడుకు చావు ఇంకొక్కసారి చేసి చూపించమను" అన్నారు భార్గవతో.

భార్గవ లోపలికి వెళ్ళాడు. వెనకే మేమూ వెళ్ళేసరికి, ఆ మాట అడగకుండా గోడవారన నిలబడి ఉన్నాడు.

సామ్రాజ్యమ్మగారు చేతిలోని సూదిని జాకెట్టు గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. కూర్చోమని మంచినీళ్ళిచ్చింది. ఆవిడ మొహంలో కోపం కోసం వెతికాను. ఉంటే మాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"నిన్న నువ్వు పడిపోయి మళ్ళీ లేచి నిలబడ్డావు చూడు, నాకు ప్రాణం లేచొచ్చింది బాబూ. నాటకమని తెలుసు, అయినా లేచొచ్చింది" అంది. "అంత బాగా లేచినోడివి, మళ్ళీ ఎందుకు పడిపోయావు?"

భార్గవ నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. వాడు మాస్టారి వైపు చూశాడు. నేనూ చూశాను.

"నా వైపు చూస్తారేంరా?" అన్నారు మాస్టారు. "జనం అడిగితే ఇచ్చారుగా. ఇప్పుడు ఆవిడ అడుగుతోంది. ఇవ్వండి."