ఈకలున్న సిబ్బి

ఎవరేమడిగినా నోటితో కాక చేతిపనితో జవాబివ్వడం పైడయ్య స్వామికి అలవాటు. వేదాంతం తెలుసుకుందామని ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో సగంమంది కట్టెలు కొట్టి, ఒళ్ళు నొప్పులతో ఇంటిదారి పట్టినవాళ్ళే.

గవరయ్య మాత్రం మూడేళ్ళుగా నిలిచాడు. ఇల్లు విడిచాడు, ఉప్పు విడిచాడు, చివరికి నవ్వడం కూడా విడిచాడు. ఇందులో ఏదీ స్వామి విడవమన్నది కాదు. ఇక మిగిలింది అక్క ఒక్కతే. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన అప్పలనరసమ్మ, ప్రతి పున్నమికీ రెండు బస్సులు మారి, నువ్వుండలు మూటగట్టుకుని ఆశ్రమానికి వస్తుంది. గడిచిన మూడు పున్నములూ ఆమెకు ముఖం చూపించకుండానే పంపేశాడు. ఈ ఉదయం ఆమె గేటు దగ్గరే కూర్చుని కబురంపింది. "ఈపాలి కనబడకపోతే ఇంకెప్పుడూ రానని మా తమ్ముడితో సెప్పండి." ఆ మాట వినగానే గవరయ్య నేరుగా స్వామి దగ్గరికి వెళ్ళాడు.

"స్వామీ, పైకి లేవాలంటే తేలికవ్వాలి కదా! ఈ ఒక్క బంధం కూడా తెంచుకుంటే తేలికవుతానా?" అని అడిగాడు.

స్వామి అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడి చింతచెట్ల మీద ఏటా సంచిలాంటి ముక్కున్న గూడబాతులు గూళ్ళు కడతాయి. ఆమధ్య చచ్చిపడిన ఒకదాన్ని స్వామి గంప కింద మూసిపెట్టాడు. చీమలు తమ పని కానిచ్చాక ఎముకలూ ఈకలూ మిగిలాయి.

"వంటింట్లోంచి త్రాసు తెచ్చుకో. ఎముకలొక సిబ్బిలో, ఈకలొక సిబ్బిలో వెయ్యి" అన్నాడు.

ఏరుతుంటే రెక్క ఎముక ఒకటి పుటుక్కున విరిగింది. లోపలంతా గుల్ల, అడ్డంగా నిలిచిన నాలుగు సన్నని పుల్లలు తప్ప. గవరయ్య ముఖం వెలిగింది. "చూశారా స్వామీ! లోపల ఖాళీ చేసుకుంది కాబట్టే అంత పెద్ద పక్షీ ఎగిరింది."

"చేసుకుంది, నిజమే. త్రాసు ఎత్తు."

ఎముకలవైపే మొగ్గుతుందని గవరయ్యకు రవ్వంత అనుమానం కూడా లేదు. ఎత్తాడు. ఈకలున్న సిబ్బి కిందికి దిగింది. త్రాసులో ఏదో తేడా ఉందనుకుని అటువి ఇటు, ఇటువి అటు మార్చి మళ్ళీ ఎత్తాడు. ఈసారీ ఈకలే దిగాయి.

"ఎముకల్నే గుల్ల చేసుకున్న పక్షి, ఇంత బరువు ఒంటిమీద ఎందుకు ఉంచుకుంది స్వామీ?"

"పీకేస్తే ఇంకా తేలికయ్యేది నాయనా" అన్నాడు స్వామి.

గవరయ్య గేటువైపు చూశాడు. అక్కను చూడాలని ఉంది అతనికి, మూడు పున్నములుగా ఉంది.

స్వామి అతని చేతిలోని త్రాసు అందుకుని, ఈకల్ని జాగ్రత్తగా గంపలోకి వంపుతూ, "మీ అక్క తిరుగు బస్సు ఎన్నింటికి?" అన్నాడు.