రాణిగారి పులుసు గిన్నె

పసుపు పండే ఒకానొక రాజ్యంలో విక్రమసింగభూపతి అనే ముసలి రాజు ఉండేవాడు. రాణి శేషమాంబ కాలం చేసి ఏడాదయింది. అప్పటినుంచి ఆవిడ రాగి గిన్నెలో పోస్తే తప్ప ఆయన పులుసు ముట్టడు. ఆవిడ వేలిముద్రలు చెరిగిపోతాయని ఆ గిన్నెను తోమనివ్వడు, లోపల తగరం పూత వేసే కళాయివాణ్ణి దాని దరిదాపులకు రానివ్వడు.

ఆ ఏడాదిగానే ఆయనకో బాధ. భోంచేసి చెయ్యి కడుక్కున్న కాసేపటికి కడుపులో మెలిపెట్టేది. పట్టపగలే భోజనశాల చల్లబడి, ఎక్కడో గాజులు కదిలినట్టుండేది. కషాయాలు పోసి పోసి వైద్యులు చేతులెత్తేశారు.

"రాణి మమ్మల్ని పిలుస్తోంది," అన్నాడు రాజు నిండు సభలో. "పున్నమి నుంచి అన్నం మానేసి ఆమె దగ్గరికి వెళతాం. పిలవడం లేదన్నవాడి తల తీయిస్తాం!"

రాణిగారి చేతి ముద్దలు తిని పెరిగిన హాస్యగాడు సూరన్న ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఏకాదశినాడు కూడా పిలుస్తారా అమ్మగారు?"

"ఆ రోజు మాకు పాలూ పళ్లే కదా. నొప్పి రాదు. ఆమెకీ ఉపవాసమేరా, మూర్ఖుడా!"

సూరన్న ఆ మాటను మనసులో ముడేసుకున్నాడు.

"పిలుస్తున్నారు ప్రభూ, కాదన్నానా? ఏమంటున్నారో పూర్తిగా వినాలి కదా! ఆ గిన్నెలోనూ, దానికి ఆనించి పెట్టిన మట్టిమూకుట్లోనూ ఒకే పులుసు పోయించండి. భోజనశాల తలుపుకు మీ ముద్ర వేయండి. రేపు ఈపాటికి ఆవిడే జవాబు రాస్తారు."

మర్నాడు రాజే ముద్ర పగలగొట్టాడు. లోపల రాగి చిలుము వాసన గుప్పుమంది. మూకుట్లో పులుసు పోసినట్టే ఉంది. గిన్నె అంచున మాత్రం ఆకుపచ్చటి వలయం, పాము చుట్ట చుట్టుకున్నట్టు.

రాజు ఆ వలయానికేసి వేలు చూపాడు. "ఏం రాసిందిరా?"

"'కళాయి పోయిన గిన్నెలో పులుసు పోసి ఆయనకు విషం పెడుతున్నారేమర్రా!' అంటున్నారు. అమ్మగారు పిలిచేది మిమ్మల్ని కాదు ప్రభూ, కళాయివాణ్ణి!"

రాజు గిన్నెకేసి చూశాడు, చూశాడు, పకపకా నవ్వేశాడు. "నిజమేరా! 'నా మాట ఎప్పుడూ సగమే వింటారు' అని ఉన్నన్నాళ్లూ సాధించేది!" కళ్లు తుడుచుకుని, తన చేతి కంకణం తీసి సూరన్నకు తొడిగాడు. పున్నమినాడు మూకుట్లో పులుసు రెండోమారు అడిగి పోయించుకున్నాడు. నొప్పి రాలేదు.

సూరన్న ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ముద్ర పగిలిన ఆ క్షణాన, గిన్నెకు ఆనించి పెట్టిన మూకుడు అక్కడ లేదు. జానెడు ఇవతలకి, రాజుగారి పీట వైపు జరిపి ఉంది.