ఎడమ చేత్తో కోసే పేక

టారో కార్డులు చూడటం నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ఏదైనా అడిగితే తాయారు గారు వెంటనే జవాబు చెప్పరు. రైల్వే స్టేషన్లో విచారణ కౌంటర్ వెనక ఉద్యోగమంతా గడిపిన మనిషి. బండి ఎన్నింటికని అడిగినవాళ్లకల్లా చెప్పి చెప్పి, రిటైరయ్యాక ఎవరికీ ఏదీ సూటిగా చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారేమోనని శిష్యులు నవ్వుకునేవారు. విశాఖపట్నం పాతబస్తీ సందులో, ఒక ఫిజియోథెరపీ క్లినిక్ పై అంతస్తులో ఆవిడ గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, అంచులు నలిగిన ఒక పేక.

ఆ శిష్యుల్లో సుచరిత అనే ఆమె ఒక బడిలో కౌన్సెలర్. కార్డులు జరగబోయేది చెబుతాయని ఆమె నమ్మదు. సూటిగా అడిగితే నోరు విప్పని మనిషి, బొమ్మ చూపించి అడిగితే మాట్లాడతాడని మాత్రం కళ్లారా చూసింది. పిల్లల తల్లిదండ్రులకు తమ కోపాన్నీ, ఎదుటివాళ్ల కోపాన్నీ అర్థం చేసుకోవడం నేర్పేందుకు ఈ బొమ్మలతో ఒక తరగతి పెట్టాలని ఆమె ఆలోచన. అంతా కుదిరింది గానీ ఒక్క పద్ధతి ఆమెకు మింగుడు పడలేదు.

"మేడమ్, పేకను ఎడమ చేత్తోనే ఎందుకు కోయించాలి?" అని అడిగింది ఒక శనివారం. "గుండె ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి అని ఇంటర్నెట్లో రాస్తున్నారు. ఆ మాట చెబితే మా పేరెంట్స్ నవ్వుతారు. పెద్దవాళ్లయితే నవ్వరు, లేచి వెళ్లిపోతారు. ఎడమ చేత్తో మంచినీళ్లిస్తేనే పుచ్చుకోరు మన ఇళ్లల్లో. నా తరగతిలో అది తీసేస్తాను."

"తీసేద్దువు గానిలే," అన్నారు తాయారు గారు. "మెట్ల మీద ఎవరో వస్తున్నట్టున్నారు, చూడు."

వచ్చినది నీలవేణి. కిందటి వారం కూడా వచ్చింది. ఆ రోజు తాయారు గారు పక్కన కూర్చుని, కార్డులు చూసే పని సుచరితకు అప్పగించారు. నీలవేణి మామగారు పైడిరాజు హార్బర్లో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కాలు కుదుటపడింది, మాట బాగానే ఉంది, చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చింది మొదలు ఆయన ఇంట్లోవాళ్లతో కలిసి తినడం మానేశాడు. కంచం గదిలోకి తెప్పించుకుని తలుపు వేసుకుంటాడు. మొదట్లో నీలవేణి అన్నం కలిపి ముద్దలు పెట్టబోతే కంచం తోసేశాడు. చెంచా ఇస్తే విసిరేశాడు. ఆమె ఆ రెండూ మరిచిపోలేదు.

ఆ రోజు వచ్చిన కార్డులో లాంతరు పట్టుకుని ఒంటరిగా నిలబడ్డ ముసలి సన్యాసి ఉన్నాడు. సుచరిత పుస్తకంలో ఉన్నది పొల్లుపోకుండా చెప్పింది. ఆయన ఏకాంతం కోరుకుంటున్నారు, ఆ హద్దును గౌరవించండి అంది. నీలవేణి అలాగే చేసింది. కంచం గుమ్మం దగ్గర పెట్టి, తలుపు తట్టి వచ్చేసేది.

"మీరు చెప్పినట్టే చేశానండి," అంది నీలవేణి ఇప్పుడు, కూర్చోకుండానే. "కుక్కకి పెట్టినట్టు గుమ్మంలో పెడతన్నానని పక్కవాటావాళ్లు అంటన్నారు. ఆయనైతే అసలు మాటే మానేశారు. ఏటి గౌరవమండి ఇది? నా చేతి కూడు నా ఎదర తినలేని మనిషికి నేనెందుకు వండాల? సోమవారం పిల్లని తీసుకుని బొబ్బిలి మా కన్నోరింటికి ఎల్లిపోతానని మా ఆయనకి చెప్పేశాను. ఎల్తే మళ్లీ రావద్దన్నాడు. రానన్నాను."

సుచరిత ఏదో చెప్పబోయి, తను చెప్పినదాని ఫలితమే ఎదురుగా నిలబడి ఉందని గుర్తొచ్చి, ఆమె కోసం ఒక కుర్చీ ముందుకు లాగింది.

"మీ మామగారు ఎక్కడున్నారు?" అని అడిగారు తాయారు గారు.

"కింద క్లినిక్లో. ఎక్సర్‌సైజులయ్యాయి. బయట బెంచీ మీద కూకున్నారు."

"ఎండలో ఎందుకు? పైకి రమ్మను."

పైడిరాజు నెమ్మదిగా మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడ మీద తువ్వాలు. కుడి చెయ్యి ఆ తువ్వాలు కొంగు కింద ఉంది. కోడలికి దూరంగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చుని, బల్ల మీదకి వంగాడు.

"ఏటమ్మా, పేకాటా? హార్బర్లో మేవూ ఆడీవోళ్లం. జోకరేది?"

"ఇందులో మొదటి ముక్కే జోకరు," అన్నారు తాయారు గారు. "ఒక ముక్క తీసి చూద్దురు గాని. ముందు అందరూ ఒకసారి కోయాలి. ఎడమ చేత్తోనే. ఇక్కడ పద్ధతి అది."

"మావయ్య ముందు ఎడం చెయ్యా?" అంది నీలవేణి.

"ఆయన ముందూ, నా ముందూ. సుచరితా, నువ్వు మొదలుపెట్టు."

సుచరిత అయిష్టంగానే కోసింది. రోజూ కుడి చేత్తో పేక కలిపే మనిషి. అయినా పై సగం వేళ్ల మధ్య నుంచి జారి బల్ల మీద విసనకర్రలా పరుచుకుంది. నీలవేణి కోసినప్పుడు కొన్ని ముక్కలు కిందే పడ్డాయి. ఆమె వంగి ఏరుకుంటుంటే పైడిరాజు ముఖం పక్కకి తిప్పి నవ్వు ఆపుకున్నాడు.

తర్వాత ఆయన వంతు. పేక మొత్తం అరచేతిలోకి తీసుకుని, బొటనవేలితో సగం పైకి లేపి, అదే చేత్తో కింద సగాన్ని దాని మీదకి తెచ్చాడు. ఒక్క ముక్క జారలేదు.

"బాగా కోశారే," అన్నారు తాయారు గారు.

"నాకు ఉన్నదిదే కదమ్మా."

పై ముక్క తిప్పాడు. ముగ్గురు ఆడవాళ్లు పాత్రలు పైకెత్తి ఎదురెదురుగా నిలబడ్డ బొమ్మ. అది కలయికకూ సంతోషానికీ గుర్తు అని సుచరితకు కంఠతా వచ్చు. ఆమె నోరు తెరిచేలోగా తాయారు గారు, నువ్వు చెప్పొద్దన్నట్టు పేక డబ్బాని ఆమె ముందుకు జరిపారు.

"ఏం కనిపిస్తోంది?" అని తాయారు గారు పైడిరాజును అడిగారు.

ఆయన చాలాసేపు చూశాడు. "ఆడోళ్లు. ఇంట్లో పండగలాగుంది." బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఈ పిల్ల గుంట ఎడం సేత్తో ఎత్తింది. పక్కనున్నోళ్లు ఏటీ అన్నేదు."

"ఏటంటారు మావయ్యా?" అంది నీలవేణి.

ఆయన కోడలి వైపు చూడలేదు. బొమ్మతోనే మాట్లాడాడు. "నా మనవరాలు ధరణిది ఎడం సేతి వాటం. దానికి కుడిసేత్తో ముద్ద ఎత్తడం నేర్పిందెవరు? నానే కదా. ఎడం సెయ్యి కంచంలోకి ఎల్లిందంటే ఇల్లెగిరిపోయేలాగ అరిసేవోణ్ణి. ఇప్పుడు ఆ గుంట ఎదర నాను కూకుని, ఎడం సేత్తో..." మాట అక్కడ ఆపేసి, ముక్కను తిరగేసి పెట్టాడు.

నీలవేణి సంచిలోంచి స్టీలు బాక్సు తీసింది. ఎక్సర్‌సైజు ఉన్న రోజున మామగారి కోసం తెచ్చే పెరుగన్నం. ఎప్పుడూ దాన్ని ఆయన మూత తీయకుండా ఇంటికి పట్టుకెళ్లి, గదిలో తలుపు వేసుకుని తింటాడు. ఆమె మూత తీసి బల్ల మధ్యలో పెట్టింది. ఎడమ చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ చేత్తో ఒక ముద్ద ఎత్తింది. నోటిదాకా వచ్చింది సగమే. మిగతాది బల్ల మీద గుడ్డ మీదా, రెండు కార్డుల మీదా పడింది. సుచరిత చెయ్యి పేక వైపు వెళ్లింది. తాయారు గారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

నీలవేణి మళ్లీ ఎత్తింది. మళ్లీ జారింది. పైడిరాజు ఇక చూడలేకపోయాడు.

"అలాక్కాదమ్మా. ఏళ్లు దగ్గరకి సెయ్యి. గిన్ని అంచుకి ఆనించి, బొటనేలుతో తొయ్యాల. ఇలాగ."

ఆయన చెయ్యి బాక్సులోకి వెళ్లింది. ముద్ద ఎత్తి చూపించాడు. చూపించిన ముద్దను వెనక్కి పెట్టలేడు కాబట్టి తిన్నాడు.

"నాకిది ఇప్పట్లో రాదు మావయ్యా," అంది నీలవేణి.

"నేర్సుకుంటే వస్తాది. మొదట్లో నాకూ గోడకి ఎగిరిపడీది."

"మీరూ నేనూ కష్టపడ్డం ఎందుకు? రాత్రి మీ మనవరాలిని ఎదర కూకోబెట్టుకుందాం. మనిద్దరికీ అదే నేర్పుతాది."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో దగ్గొచ్చింది. కోడలు ఎడమ చేత్తోనే మంచినీళ్లు అందించింది, కుడి చేత్తో కొంగు పట్టుకుని ఉంది కాబట్టి. ఆయన పుచ్చుకుని తాగాడు.

వాళ్లు మెట్లు దిగుతుంటే నీలవేణి ఫోన్లో భర్తతో మాట్లాడటం పైకి వినిపించింది. బొబ్బిలి సంగతి అందులో లేదు. మావయ్య కంచం ఇకనుంచి ముందు గదిలోనేనని చెబుతోంది.

సుచరిత తడిగుడ్డతో కార్డుల మీద పెరుగు తుడిచింది. ముగ్గురు ఆడవాళ్ల బొమ్మ మీద మచ్చ పూర్తిగా పోలేదు.

"ఆయన విషయం మీకు ముందే తెలుసా మేడమ్?"

"నాకేం తెలుస్తుంది?"

"మరి ఎడమ చెయ్యి? నిజంగా గుండెకు దగ్గరనేనా?"

తాయారు గారు పేకను డబ్బాలో సర్దుతున్నారు. మచ్చ పడ్డ ముక్కను కూడా మిగతా వాటితో కలిపి పెట్టేశారు.

"కుడి చేత్తో అయితే," అన్నారు, "అందరం బాగానే కోస్తాం కదా."