మూడుకళ్లోడి భుజం

సన్యాసయ్యకి ఆ వారం అన్నం సయించలేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఎవరిచేతా ఒక మాట పడని మనిషి, ప్లాస్టిక్ బొమ్మ చెయ్యి గురించి తిండి మానేశాడంటే నవ్వేవాళ్లు నవ్వుతారు. ఆ బొమ్మ సంగతి తెలిసినవాళ్లు నవ్వరు.

అది శుక్రగ్రహం నుంచి దిగొచ్చిన మూడుకళ్లోడు. జానెడు ఎత్తు, పాచిరంగు ఒళ్లు, నుదుటి మీద మూడో కన్ను, చేతిలో లాంతరు. ఇలాంటి బొమ్మలు విడి ముక్కలుగా వస్తాయి. ముక్కలు కోసుకుని, కడుక్కుని, అతికించి, రంగులు వేసుకోవాలి. నలభై ఐదేళ్ల కిందట విశాఖపట్నం రేవులో ఒక నావికుడు దాన్ని జమాల్ ఉస్తాదుకి ఇచ్చాడు. ఉస్తాదు తన శిష్యుడు సన్యాసయ్యకి ఇచ్చాడు. పెట్టె లేదు, పెట్టె మీద ఉండాల్సిన బొమ్మా లేదు. పాత గుడ్డలో మూటగట్టిన నలభై ఒక్క ముక్కలు, అంతే. ఎలా అతికించాలో చెప్పే కాగితం ఉన్నా ఏం లాభం? సన్యాసయ్యకి సంతకం తప్ప చదువు లేదు. వేళ్లతో తడిమి, ఏ ముక్క ఎక్కడిదో కనిపెట్టి నిలబెట్టాడు. ఊరు మొత్తానికి అలాంటిది ఇంకోటి లేదు.

ఆ బొమ్మ పేరు మీదే ఆయన మాస్టారయ్యాడు. ప్రతి ఆదివారం ఆయన వరండాలో తొమ్మిది మంది చేరతారు. బ్యాంకు గుమస్తా ఉన్నాడు, పళ్ల డాక్టరమ్మ ఉంది, లారీ మెకానిక్కూ ఉన్నాడు. అక్కడ ఎవరి హోదా పనికిరాదు. అతుకులో వెంట్రుకంత సందు కనబడితే బొమ్మ వాళ్ల ఒళ్లోకే తిరిగొస్తుంది.

లోకనాథం అని ఒకడుండేవాడు. చెయ్యి తిరిగినవాడే. ఒకసారి బొమ్మ కాలు గుంటలో కూర్చోవడం లేదని కాలి బుడిపెని ఆకురాయితో అరగదీశాడు. సన్యాసయ్య చూశాడు.

"కూర్చోనిదాన్ని ఆకురాయి పెట్టి కూర్చోబెడతావా? ముక్క నీ మాట వినాలా, నువ్వు ముక్క మాట వినాలా? లే. మళ్లీ ఈ గుమ్మం ఎక్కకు."

ఆరేళ్లయింది. ఈనాటికీ బజారులో లోకనాథం నమస్కారం పెడితే సన్యాసయ్య తల తిప్పుకుంటాడు.

కిందటి ఆదివారం పళ్ల డాక్టరమ్మ వసుంధర ఒక కొత్త పెట్టె పట్టుకొచ్చింది.

"మాస్టారూ, మీ మూడుకళ్లోడే! పాత అచ్చు ఏదో గోడౌన్లో దొరికిందట. మళ్లీ పోసి అమ్ముతున్నారు."

ఊళ్లో ఇంకోటి లేనిది ఇప్పుడు అంగట్లో సరుకైందన్నమాట. ఆ దెబ్బ తగిలి ఇంకా తేరుకోక ముందే పెట్టె మీది బొమ్మ కనబడింది. అందులో మూడుకళ్లోడు లాంతరు ముందుకి ఎత్తి పట్టుకున్నాడు. సన్యాసయ్య బీరువాలో మూడుకళ్లోడేమో లాంతరు వీపు వెనక పెట్టుకుని ఉంటాడు.

 లారీ మెకానిక్కే ముందు అన్నాడు.

"మనోడు లాంతరు దాచుకున్నాడేటండీ మాస్టారూ? ఎక్కడైనా కొట్టుకొచ్చాడేటి?"

తొమ్మిది మందీ నవ్వారు. డాక్టరమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

"కొత్తోళ్లు అచ్చు మార్చేశారు," అన్నాడు సన్యాసయ్య. "వచ్చే ఆదివారం రుజువు చేస్తాను. తప్పు నాదని తేలితే ఈ వరండాలో ఇక ఎవరికీ ఏదీ చెప్పను."

అనేశాడు. అన్న దగ్గర్నించీ తల తిరిగిపోతోంది. అచ్చు మార్చారా? పాత అచ్చే అంటున్నారు కదా. పాత అచ్చయితే చెయ్యి అటెలా తిరిగింది? కొత్త పెట్టె ఒకటి తెప్పించి, విప్పకుండా ముందు పెట్టుకుని మూడు రోజులు చూశాడు. ఒకసారి కొత్తది దొంగ అనిపిస్తుంది. ఇంకోసారి తనే దొంగ అనిపిస్తుంది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. ఆయనకి కోపం ఒకరి మీద నిలబడకపోతే నిద్ర పట్టదు. చివరికి ఒక చోట నిలబడింది.

ఉస్తాదు! నలభై ఐదేళ్లు ఆ బొమ్మని చూసిన మనిషి. తప్పయితే ఆ రోజే ఎందుకు చెప్పలేదు?

శుక్రవారం పొద్దున్నే పాత బొమ్మని తువ్వాల్లో చుట్టి, కొత్త పెట్టె చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

జమాల్ ఉస్తాదుకి ఎనభై తొమ్మిదేళ్లు. పాత ఊళ్లో మేడ మీది ఒంటి గదిలో ఉంటాడు. చూపు దాదాపు పోయింది. గోడకి ఒక అర, దాని నిండా ఖాళీ ఇంజెక్షన్ సీసాలు. ఒక్కో సీసాలో ఒక్కో రంగు పొడి. అది ఆయన నియమం. బొమ్మ అంచులు నునుపు చేసేటప్పుడు రాలిన పొడిని ఏ శిష్యుడూ పారెయ్యకూడదు, బొమ్మ పూర్తయ్యాక సీసాకెత్తి తెచ్చి ఇవ్వాలి. ఆ పొడిలో ప్లాస్టిక్‌ని కరిగించే థిన్నర్ నాలుగు చుక్కలు వేస్తే ముద్దవుతుంది. ఎప్పుడైనా బొమ్మకి సందు పడితే దాని ఒంటి ముద్దతోనే పూడ్చొచ్చు.

"ఎవరూ? సన్నాసా?" అన్నాడు ఉస్తాదు. "మెట్లు అంత గట్టిగా తొక్కుతున్నావు, ఎవరి మీదరా కోపం?"

"మీ మీదే."

"మంచిది. కూర్చో."

సన్యాసయ్య కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. డాక్టరమ్మ పెట్టె, మెకానిక్ నవ్వు, తను ఆడిన మాట, అన్నీ చెప్పాడు. "కొత్తది తప్పా, నాది తప్పా? అది చెప్పండి. నాది తప్పయితే ఇన్నాళ్లూ మీరెందుకు నోరు మూసుకున్నారో అదీ చెప్పండి."

"ముక్కలు కడిగావా?"

"నేనడిగేదేటి, మీరనేదేటి?"

"అచ్చులోంచి వచ్చిన ముక్కకి జిడ్డుంటుంది. కడక్కుండా తెచ్చావా? ఎవరి శిష్యుడివిరా నువ్వు?"

సన్యాసయ్యకి ఏమీ అర్థం కాలేదు. అయినా చేతులు అలవాటు కొద్దీ పెట్టె విప్పాయి. బేసిన్లో సబ్బునీళ్లు కలిపి ముక్కలు కడిగి గుడ్డ మీద ఆరబెట్టాడు. ఉస్తాదు ఒక్కో ముక్కా తీసుకుని బొటనవేలితో తడిమాడు. కుడి అరికాలి దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ గీత ఉంది. నీ పాతదానికీ ఇక్కడే ఉంటుంది, చూడు."

సన్యాసయ్య తువ్వాలు విప్పి, మూడుకళ్లోణ్ణి తిరగేసి చూశాడు. ఉంది. అచ్చుకి పడిన గీత. అదే పొడవు, అదే వంపు.

అంటే అచ్చు మారలేదు. సన్యాసయ్య అప్పుడు కూర్చున్నాడు.

"మొండెం రెండు ముక్కలూ కలిపి పట్టుకో," అన్నాడు ఉస్తాదు. "లాంతరు చెయ్యి పెట్టు."

"కాగితం చూడకుండానా?"

"నీకు చదవడం రాదు, నాకు కనబడదు. దానితో మనకేం పని?"

సన్యాసయ్య చెయ్యి తీసుకున్నాడు. తన బొమ్మకి ఎలా ఉందో అలాగే, లాంతరు వెనక్కి వచ్చేలా భుజం గుంటలో పెట్టి నొక్కాడు. పోలేదు. బుడిపె మీద ఒక పక్క బియ్యపుగింజంత గట్టు ఉంది. గుంటలో దానికి సరిపడా గాడి ఉంది, కానీ అటువైపు కాదు. గట్టిగా నొక్కాడు. పోలేదు.

"చూశారా! నాది వెనక్కే కూర్చుంది. ఇది కూర్చోదు. చెప్పానా ఇందులో ఏదో తేడా ఉందని!"

ఉస్తాదు చాప మీద చెయ్యి జరిపి, తన ఆకురాయి వెతికి తీసి, శిష్యుడి ముందుకి తోశాడు.

"కూర్చోబెట్టు."

సన్యాసయ్య చెయ్యి ఆకురాయి మీదకి వెళ్లింది. పిడి చుట్టూ వేళ్లు ముడుచుకున్నాయి. అక్కడే ఆగిపోయాయి.

నలభై ఐదేళ్ల కిందట, నుదుటి మీద ఆ మూడో కన్ను వెయ్యడానికి పదకొండు రోజులు పట్టింది. ఉడుత వెంట్రుకలతో కట్టిన కుంచె. కనుపాపలో ఎర్రజీర కూడా వేశాడు. అంతా అయ్యాక చెయ్యి పెట్టి చూస్తే లాంతరు సరిగ్గా ఆ కంటికి అడ్డం వచ్చింది. ఎదురుగా నిలబడ్డవాడికి లాంతరే కనబడుతుంది, ఆయన పనితనం కనబడదు. ఉస్తాదుని అడగొచ్చు. ఏమని అడుగుతాడు? మూడు మధ్యాహ్నాలు తలుపేసుకుని అరగదీశాడు. గట్టు పోయింది. చెయ్యి ఎటు తిప్పితే అటు తిరిగింది.

ఆ సంగతి ఎప్పుడు మరిచిపోయాడో తెలియదు. అసలు మరిచిపోయాడా? అదీ తెలియదు.

లోకనాథం నమస్కారం పెడుతున్నట్టు కళ్లముందు ఆడింది.

ఆకురాయి కింద పెట్టాడు. కొత్త చెయ్యిని ముందుకి తిప్పి, గట్టు గాడికి ఎదురుగా తెచ్చి, రెండు వేళ్లతో ఆనించాడు. నొక్కనైనా లేదు.

టక్కుమంది.

ఆ చప్పుడుకి ఉస్తాదు తల ఊపాడు. గోడ పట్టుకుని లేచాడు. అర మీద ఎడమ నుంచి సీసాలు తడుముతూ లెక్కపెట్టుకుని, ఒకటి తీసి సన్యాసయ్య అరచేతిలో పెట్టాడు. మూత మీద నీలిరంగు చుక్క. సన్యాసయ్య గుర్తు. లోపల పాచిరంగు పొడి, రెండు చిటికెల పైనే ఉంది.

ముక్కలు వాటంతటవే కూర్చున్న బొమ్మకి అంత పొడి రాలదు. ఈ పనిలో మొదటి నెల నేర్చుకునేవాడికైనా ఆ సంగతి తెలుస్తుంది.

ఆ సీసా ఇచ్చిన రోజు సన్యాసయ్యకి గుర్తొచ్చింది. ఉస్తాదు అప్పుడు కళ్లున్న మనిషి. సీసాని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు. "చెప్పేదేమైనా ఉందా?" అన్నాడు. "ఏమీ లేదు" అన్నాడు ఇరవై మూడేళ్ల సన్యాసయ్య.

"మీకు ఆ రోజే తెలుసు," అన్నాడు ఇప్పుడు.

"ఊఁ."

"ఇన్నేళ్లూ ఎందుకుంచారు దీన్ని?"

"అడుగుతావని."

కింద వీధిలో చేపలమ్మే ఆమె కేకేసుకుంటూ పోయింది. సన్యాసయ్య సీసా వంక, పాత బొమ్మ వంక, సీసా వంక చూశాడు. కోపం కోసం వెతుక్కున్నాడు. అది ఎక్కడా లేదు. అది లేకుండా ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు.

"గట్టు మళ్లీ కట్టడానికి ఇది సరిపోతుందా?"

"నువ్వు తీసేసిందంతా అందులోనే ఉంది. థిన్నర్ కిటికీలో ఉంది, కావాలంటే ఇక్కడే చేసుకో."

సన్యాసయ్య కిటికీ దాకా వెళ్లాడు. థిన్నర్ డబ్బా మీద చెయ్యి వేసి, తీసేశాడు.

"ఇక్కడ కాదు ఉస్తాదూ. ఆదివారం వరండాలో చేస్తాను. చెయ్యి విరిచేది కూడా అక్కడే." తువ్వాలు పరుస్తూ అన్నాడు, "లోకనాథాన్ని కూడా రమ్మంటాను."

"వస్తే ఏం చెబుతావు వాడికి?"

"ఏమో. తెలీడం లేదు."

రెండు మూడుకళ్లోళ్లనీ తువ్వాల్లో పక్కపక్కన పెట్టి చుట్టాడు. సీసా చొక్కా జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఉస్తాదు పిలిచాడు.

"సన్నాసీ! ఆ మూత గట్టిగా బిగించుకో. దారిలో ఒలికితే మళ్లీ దొరకదు."