మీటరు చెప్పిన మాట

సాలూరు బస్టాండు వెనక వీధిలో పైడిరాజు అనే మెకానిక్ ఉండేవాడు; చేతిలో మంచి పనితనం ఉన్నా, బండిని పరీక్షించకముందే దాని జబ్బేమిటో చెప్పేసే అలవాటు అతనిది. స్టాండు వేసేలోపే "ప్లగ్గు పోయింది", "క్లచ్చు అరిగింది" అనేవాడు. చాలాసార్లు అతని మాటే నిజమయ్యేది. కానప్పటి సంగతి అతను గుర్తుపెట్టుకునేవాడు కాదు.

ఒక సోమవారం ఉదయం నర్సు కృపావతి తన పాత మోటారు సైకిల్‌ను తోసుకుంటూ వచ్చింది. ఆ బండి మీదే ఆమె కొండ ఊళ్లకు వెళ్లి పసిపిల్లలకు టీకాలు వేసేది.

"నాలుగు రోజులుగా హారన్ నీరసంగా మోగుతోంది తమ్ముడూ. ఇవాళ అసలు స్టార్టే కాలేదు" అంది.

పైడిరాజు చేస్తున్న పని మీంచి తల కూడా ఎత్తలేదు. "బ్యాటరీ పోయిందక్కా. కొత్తది వేస్తే చాలు."

"చూడకుండానే చెబుతున్నావే?"

"ఇరవై ఏళ్లుగా ఇదే పని. నాకు చూడక్కర్లేదు" అన్నాడు.

కొత్త బ్యాటరీ పడగానే బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది. కృపావతి సంతోషంగా వెళ్లిపోయింది.

గురువారం ఆ బండి ట్రాలీ ఆటోలో తిరిగొచ్చింది. వెనకే కృపావతి కుంటుకుంటూ దిగింది. ఆమె కాళ్లకు బొబ్బలు లేచి ఉన్నాయి.

"నిన్న సగం కొండ ఎక్కాక ఆగిపోయింది" అంది ఆమె. "టీకాల డబ్బాలో ఐసు కరిగితే మందు పాడైపోతుంది. పైన పదకొండు మంది తల్లులు పిల్లల్ని ఎత్తుకుని కూర్చున్నారు. ఏం చేయను? డబ్బా భుజాన వేసుకుని నాలుగు కిలోమీటర్లు నడిచాను. చేరేసరికి ఐసు కొంచెమే మిగిలింది. దేవుడి దయ, అందరికీ టీకాలు పడ్డాయి. కానీ వచ్చే బుధవారం వెళ్లేది ఇంకా పై ఊరు. అంత దూరం మోయలేను తమ్ముడూ."

ఆమె గొంతులో కోపం లేదు. పైడిరాజుకు అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. ఇంకో జబ్బు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "కూర్చో అక్కా, ఈసారి చూసి చెబుతాను" అన్నాడు.

అటక మీంచి కరెంటు కొలిచే మీటరు దించి దుమ్ము తుడిచాడు. ఛార్జింగ్ ఉన్న వేరే బ్యాటరీ తగిలించి, ఇంజను నడుపుతూ కొలిచాడు. యాక్సిలరేటర్ తిప్పితే పెరగాల్సిన అంకె పెరగలేదు. మెల్లగా తగ్గుతోంది. బ్యాటరీలో లోపం లేదు, దానికి కరెంటే అందడం లేదు. ఇంజను నుంచి వచ్చే వైర్లను కొలిస్తే అక్కడ కరెంటు బాగానే పుడుతోంది. అయితే మధ్యలో ఎక్కడో ఆగిపోతోంది. ఆ కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే రెక్టిఫైయర్ దగ్గరికి వచ్చాడు. దాన్ని బండి ఇనుప చట్రానికి బిగించిన బోల్టు విప్పాడు. కింద ఇనుము కనిపించలేదు. మందంగా నల్ల పెయింటు ఉంది. ఇనుముకు ఇనుము తగిలితేనే కరెంటు దారి పూర్తవుతుంది. ఆ దారిని పెయింటు మూసేసింది.

రెండు వారాల కిందట తుప్పు గీకి ఆ పెయింటు వేసింది పైడిరాజే.

కృపావతి బెంచీ మీద టీ తాగుతోంది. పార్టు పోయిందని చెప్పి కొత్తది బిగించినా ఆమెకు అసలు సంగతి తెలిసేది కాదు. పైడిరాజు కాసేపు ఆ బోల్టును చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత ఆమెను పిలిచాడు.

"అక్కా, తప్పు బండిది కాదు, నాది. ఇదిగో, నేను వేసిన పెయింటే కరెంటును ఆపేసింది. మొన్నే కొలిచి చూసుంటే నువ్వు ఎండలో నడిచేదానివి కాదు."

కృపావతి వంగి చూసింది. "ఇంత చిన్న మచ్చా నన్ను అంత దూరం నడిపించింది?" అని నవ్వింది. "పోనీలే. చెప్పావు, అది చాలు. ఇంక నీ దగ్గరికే వస్తాను."

పైడిరాజు గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది బోల్టు బిగించాడు. ఇంజను వేగం పెంచగానే మీటరులో అంకె పైకి ఎక్కి, బ్యాటరీకి కావాల్సిన పద్నాలుగు వోల్టుల దగ్గర నిలిచింది. అతని మనసు తేలికపడింది.

బుధవారం కృపావతి పై ఊరికి వెళ్లి, పిల్లలందరికీ టీకాలు వేసి, అదే బండి మీద హాయిగా తిరిగొచ్చింది. అప్పటి నుంచి ఎవరు ఏ బండి తెచ్చినా పైడిరాజు ముందు మీటరు తీసేవాడు, తర్వాతే నోరు విప్పేవాడు.

నీతి: ఎంత అనుభవం ఉన్నా పరీక్షించి చూశాకే మాట చెప్పాలి, ఆ పరీక్షలో మన తప్పే బయటపడితే దాన్ని దాచకుండా ఒప్పుకోవాలి.